నాయన చెవులకు అమ్మ గొంతు

అమ్మ పోయి ఏడాది కావస్తున్న రోజుల్లో, నాయన ఒక ఉదయం చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుని, "మీ అమ్మ గొంతు యాదికొస్తలేదురా" అన్నాడు. ముఖం కనిపిస్తుందట, నడక కనిపిస్తుందట, కోపమొస్తే గిన్నెలు ఎలా పడేసేదో అదీ కనిపిస్తుందట. గొంతు మాత్రం ఎంత తలుచుకున్నా రావడం లేదట. నేను నోరు తెరిచేలోపే చివరి ఖోలీలో, అంటే చివరి గదిలో ఉండే ముసలమ్మ గ్యాలరీలోంచి తొంగిచూసి, తల ఆడించి వెళ్లింది. నాయన మాట్లాడితే, వరస గదులన్నిటికీ ఒకే గ్యాలరీ ఉన్న మా చాల్‌లో ఆ అంతస్తంతా వింటుంది. తన మాట తనకే వినపడదు కనుక, మెల్లగా మాట్లాడే అలవాటు ఆయనకు ఎప్పుడో తప్పిపోయింది.

ఆయన చెవులను తిన్నది బ్రేకర్ మిషను. రోడ్లు, స్లాబులు, పాత గోడలు పగలగొట్టే పని ఆయనది. పాలమూరు నుంచి వచ్చి కామాటిపుర నాకా మీద, కూలీల అడ్డాలో నిలబడ్డ రోజు మొదలు ఒంట్లో సత్తువ ఉన్నంత కాలం ఆ మిషనును పొట్టకు ఆనించుకుని బతికాడు. ఈ ఊళ్లో పాత బిల్డింగులు కట్టింది మావాళ్లే, కూలగొట్టిందీ మావాళ్లే. కట్టినవాళ్లకు నడుములు పోయాయి, కూలగొట్టినవాళ్లకు చెవులు పోయాయి. చెవుల్లో పెట్టుకొమ్మని ఇంత దూది ఇచ్చిన మేస్త్రీ ఒక్కడూ లేడు. చెవుల డాక్టరు ఎడమది పూర్తిగా పోయిందన్నాడు, కుడిది కూడా పోతున్నదన్నాడు, ఉన్నన్నాళ్లు వాడుకోండని చెప్పి పంపాడు. చెవికి మిషను పెట్టిస్తే, దాంట్లో గాలిదుమారం తప్ప ఏమీ లేదని తీసి గూట్లో పెట్టాడు.

కాబట్టి నా ముందున్న పని సూటిగానే ఉంది. ఆ కుడి చెవి పూర్తిగా మూసుకుపోయేలోపు అమ్మ గొంతు దానికి ఒకసారి చేరాలి. తర్వాత ఎంత ఏడ్చి మొత్తుకున్నా చేరదు.

చేర్చడానికి గొంతు ఉండాలి కదా. అమ్మ ఫోటోలు ఫోన్లో బోలెడున్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఫోనంటే ఆమెకు చిరాకు. తిన్నవా, వస్తున్నవా, పెట్టేయ్, అంతే. ఎంత వెతికినా దొరికింది ఒకే ఒక్కటి. అది పక్క ఖోలీ పెద్దమ్మ చనిపోయినప్పుడు, ఊరి నుంచి రాలేకపోయిన చుట్టాలకు పంపడానికి ఆ పెద్దమ్మ కొడుకు తీసిన వీడియో. అందులో అమ్మ ఏడుస్తోంది.

మా వైపు ఆడవాళ్లు ఊరికే ఏడవరు. మాట కట్టి ఏడుస్తారు. శవం పక్కన కూర్చుని, వరస పెట్టి పిలుస్తూ, చచ్చిపోయిన మనిషి చేసిందీ, తమకు జరిగిందీ అంతా రాగం తీసి చెప్తారు. అమ్మ అందులో ఆరితేరిన మనిషి. కామాటిపుర గల్లీల్లో ఏ తెలుగింట్లో చావొచ్చినా ఆమెకు కబురొచ్చేది. ధారావి నుంచి కూడా పిలిచేవారు. అమ్మ గొంతెత్తిందంటే అప్పటిదాకా గోడకానుకుని బీడీలు కాలుస్తున్న మగవాళ్లు కూడా ముఖం తిప్పుకునేవారు. అందరి కోసం ఏడ్చిన మనిషి పోతే ఆమె కోసం మాట కట్టి ఏడ్చే మనిషి లేకపోయింది. వచ్చిన ముసలివాళ్లకు గొంతు లేదు. చాల్‌లో పుట్టి పెరిగిన పిల్లలకు మరాఠీ వచ్చు, హిందీ వచ్చు, ఏడ్వడానికి సరిపడా తెలుగు రాదు. పాపం వాళ్లు తల వంచుకుని నిలబడ్డారు. రాగం లేని ఆ చావు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమ్మ పోయింది రొమ్ములో గడ్డతో. బయటపడేసరికే చేయి దాటిపోయింది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఎన్నాళ్ల నుంచి ఉందని గద్దించి అడిగితే, "మొన్నమొన్ననే చూసుకున్న" అన్నది అమ్మ. మేమూ అదే నమ్మాం. నమ్మడం సులువు కదా.

వీడియో తెచ్చుకుని విన్నాను. ఫోను ఎవరి జేబులోనో పెట్టి తీసినంత ముద్దగా ఉంది శబ్దం. పైన ఫ్యాను రొద, కింద రోడ్డు మీద లారీలు, వాకిట్లో డప్పు, పది మంది ఆడవాళ్ల ఏడుపు, వాటన్నిటి అడుగున ఎక్కడో అమ్మ. "ఓ అక్కా" అని రాగం ఎత్తుకోవడం ఒక్కటే తెలుస్తోంది. మొదటి కొద్దిసేపే విన్నాను. చచ్చిపోయిన అమ్మ ఏడుస్తుంటే చివరిదాకా కూర్చుని వినే గుండె నాకు లేదు.

నేను ఫాక్‌లాండ్ రోడ్డు మొగలో ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు కోసి అతికించే పని చేస్తాను. మా ఇంట్లో కంప్యూటరు వాళ్లు వాడి తీసేసిందే. దాని స్పీకర్లు రేకు డబ్బాల్లా మోగుతుంటే, పాటలు కాస్త చెవికి ఇంపుగా వినాలని ఎప్పుడో ఈక్వలైజర్ వేసుకున్నాను. తెలియనివాళ్లకు చెప్పాలంటే, కంప్యూటర్లోంచి వచ్చే శబ్దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను విడివిడిగా పెంచుకోనిచ్చే, తగ్గించుకోనిచ్చే సాఫ్ట్‌వేర్ అది. తెర మీద నిలువు గీతలు వరసగా ఉంటాయి, ఒక్కో గీత మీద పైకీ కిందికీ జారే బొత్తం ఉంటుంది. ఎడమ చివర డప్పు దెబ్బ, లారీ గుర్రు. నడుమ మనిషి గొంతు. కుడి చివర గజ్జెలు, తాళాలు, స, శ లాంటి అక్షరాల్లోని గాలి. రెడీమేడ్ సెట్టింగులు కూడా ఉంటాయి. రాక్, జాజ్, క్లాసికల్, పార్టీ. చావింటికి పనికొచ్చేది మాత్రం ఎవడూ పెట్టలేదు.

ఇది కొత్తగా చేతికొచ్చినవాడు ముందు చేసే పని బొత్తాలన్నీ పైకి తోయడం. నేనూ అదే చేసేవాణ్ని. అన్నీ పెంచితే ఏదీ పెరగదు, శబ్దం పగిలి గరగరలాడుతుంది. వినాల్సినదాన్ని పెంచడం కంటే అడ్డొచ్చేవాటిని దించడం మేలు. నడుమ బొత్తాలు కొంచెం ఎత్తాల్సి వస్తే, మొత్తం శబ్దాన్ని ఆ మేరకు ముందే కిందికి లాగిపెట్టుకోవాలి. ఇవన్నీ పెళ్లి బ్యాండ్ల మీద నేర్చుకున్న సంగతులు. అమ్మ ఏడుపు మీద వాడతానని కలలో కూడా అనుకోలేదు.

ఎడమవైపు బొత్తాలు పూర్తిగా దించేశాను. లారీలు పోయాయి, డప్పు దూరంగా జరిగింది. ఫ్యాను రొద ఉన్న చోటు వెతికి దాన్ని నొక్కాను. నడుమ కొంచెం ఎత్తాను. అమ్మ గొంతు ఆ ఆడవాళ్ల మధ్యలోంచి ఒక్క అడుగు ముందుకొచ్చినట్టయింది. చాలనుకుని, ఒక ఆదివారం పొద్దున నాయనను మంచం మీద కూర్చోబెట్టి, స్పీకర్లు ఆయన కుడి చెవి వైపు తిప్పి, శబ్దం చివరిదాకా పెంచి మొదలుపెట్టాను.

"ఓ అక్కా... నా అక్కా..."

మా చాల్‌లో ఏడుపు వినపడితే ఎవరిదని ఎవరూ అడగరు. ముందు వచ్చేస్తారు. పిండి చేతులతో ఒకామె, తడి బట్ట పిడుచతో ఒకామె, కొంగు నోట్లో కుక్కుకుని చివరి ఖోలీ ముసలమ్మ, గ్యాలరీ చెక్కలు దడదడలాడుతుంటే పరిగెత్తుకొచ్చారు. ఒకామె గడప దగ్గరే కూలబడి ఏడుపు అందుకుంది కూడా. ముసలి మనిషి ఉన్న ఇల్లు, లోపలి నుంచి శోకం. వాళ్లు మాత్రం ఏమనుకుంటారు? నాయన వాళ్లందరినీ ఎగాదిగా చూసి, "ఏమైంది? నల్ల నీళ్లు వచ్చినయా?" అన్నాడు. ఆయనొక్కడికే ఏమీ వినపడలేదు.

నేను గబగబా ఆపేశాను. ముసలమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

"పాణంతోని ఉన్న మనిషి ముందట ఏడ్పు పెడ్తరారా ఎవరన్న? సదువుకున్నవు గద?"

"నాయినకు అమ్మ గొంతు వినిపిద్దామని పెట్టిన అవ్వా. వేరే ఏం లేదు మా దగ్గర."

ఆమె తిట్లు ఆపేసింది. తర్వాత పసుపునీళ్లు తెప్పించి గడపకు చల్లింది, నాయన నెత్తిన చల్లింది, కంప్యూటరు మీద కూడా చల్లబోతే నేను తువ్వాల అడ్డం పెట్టాను. పోతూ పోతూ గొంతు తగ్గించి, "అది తీసెయ్ కొడుకా. ఏడ్సుకుంట ఎన్నో అంటం. అవన్ని ఇంట్లకు తెచ్చుకుంటరా?" అంది.

ఆ కట్టుబాటు నాకు తెలియనిది కాదు. శవం దగ్గర రాగం తీసేటప్పుడు ఆడది ఏమైనా అనొచ్చు. అత్త కొట్టిన దెబ్బలు, మొగుడి తాగుడు, అన్నదమ్ముల అన్యాయం, అన్నీ బయట పెట్టుకోవచ్చు. స్నానాలైపోయాక ఆ మాట ఎవరూ ఎత్తరు. నువ్వు అట్లా అన్నావేమని అడగరు, విన్నది మోసుకెళ్లి ఇంట్లో మగవాళ్లకు చెప్పరు. బతికున్న రోజుల్లో నోరు మూసుకుని ఉండాల్సిన మనుషులకు అదొక్కటే చోటు కాబట్టి, ఆ చోటును అందరూ కాపాడుతారు. ముసలమ్మ ఆ పద్ధతి కోసం చెప్తోందనుకున్నాను. అరిష్టమని భయపడుతోందనీ అనుకున్నాను. ఇంతకంటే లోపలికి ఆలోచించలేదు.

స్పీకర్లతో కాదని తేలిపోయింది. స్టూడియో నుంచి పెద్ద హెడ్‌ఫోన్లు అడిగి తెచ్చాను. ఇక మీదట శోకం గ్యాలరీలోకి పోదు. మిగిలింది నాయన చెవి. నా చెవికి స్పష్టంగా ఉన్నది ఆయన చెవికి ముద్దగా ఉంటోందని అప్పటికి నాకు అర్థమైంది. ఆయనకు లారీ వినపడుతుంది, డప్పు వినపడుతుంది, గణపతి మండపాల ముందు పెట్టే పెద్ద స్పీకర్ల దెబ్బ గుండెలో కూడా వినపడుతుంది. మనిషి మాటలో మాత్రం అచ్చులే అందుతాయి, హల్లుల్లో సగం రాలిపోతాయి. బ్రేకర్ మిషను ఆయన చెవిలో కుడివైపు బొత్తాలన్నీ కిందికి దించేసి పోయింది. నేను వాటిని ఇక్కడ పైకి ఎత్తాలి.

అమ్మ ఏడుపు మీద ఆ ప్రయోగాలు చేయబుద్ధి కాలేదు. తెలుగు వార్తలు చదివే అమ్మాయిని పెట్టుకున్నాను. పని నుంచి వచ్చాక సాయంత్రాలు నాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చునేవాడు. నేను ఒక్కో బొత్తం వెంట్రుకవాసి ఎత్తి ఆయన ముఖం చూసేవాణ్ని. అలాంటి చెవితో ఇంకో చిక్కుంది. అందనంతసేపు ఏమీ అందదు, అందిందంటే ఒక్కసారిగా పొడుచుకుంటుంది. ఎక్కువైతే ఆయన "అబ్బ" అని హెడ్‌ఫోన్లు లాగేసేవాడు, తక్కువైతే కళ్లు చిట్లించేవాడు. మధ్యలో ఎక్కడో ఆయన నొసటి ముడి విడిపోయే చోటు ఉండేది. ఆ చోటు దొరికే వరకు ఒక్కో బొత్తానికీ అదే తంతు.

"ఈ పిల్ల మంచిగ జెప్తుందిరా. వాన పడతదంట" అన్నాడొకరోజు, పళ్లు లేని నోటితో నవ్వుతూ. మా ఇంట్లో ఏడాదిగా ఎవరూ అలా నవ్వలేదు. ఆ సెట్టింగును 'నాయన' అని పేరు పెట్టి దాచుకున్నాను. అదే సెట్టింగుతో నేను వింటే రేకును మేకుతో గీకినట్టుంటుంది. రెండు క్షణాలు కూడా భరించలేను.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక వీడియో పెట్టాను. ముందు చేసిన శుభ్రం అలాగే ఉంచి, దాని మీద నాయన సెట్టింగు వేశాను. తలుపు తీసే ఉంది. బయట గ్యాలరీలో ముసలమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. నాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నాకేమీ వినపడదు, ఆయన ముఖమే చూస్తున్నాను.

"ఆమెనే" అన్నాడు. హెడ్‌ఫోన్లు చెవికి అదిముకుని, "ఆమెనేరా. గిదే గొంతు" అన్నాడు.

కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. రాగానికి తల ఊగుతోంది. నాకు సంతోషమైంది. సిగ్గులేకుండా చెప్తున్నాను, అమ్మ పోయాక నేను సంతోషపడింది ఆ కొద్దిసేపే. ఇంత చచ్చు కంప్యూటరుతో ఇంత పని చేయగలిగానని మురిసిపోయాను.

తర్వాత ఆయన తల ఊగడం ఆగిపోయింది. కళ్లు తెరిచాడు.

"గడ్డేందిరా?"

ఏ గడ్డ అని చేత్తో అడిగాను.

"రొమ్ముల గడ్డ ఉన్నదంటుంది. నీకు చూపెడితి అక్కా అంటుంది. పక్క ఖోలీ ఆమెకు చూపెట్టిందంట. ఎప్పటిదిరా ఇది? ఆమె సచ్చేనాటికి మీ అమ్మకు గడ్డ ఉండెనా?"

ఉంది. పక్క ఖోలీ పెద్దమ్మ పోయిన తర్వాత కూడా అమ్మ ఆరోగ్యంగా తిరుగుతూనే ఉంది. బిందెలు మోసింది, చావులకు వెళ్లింది, మాకు వండిపెట్టింది. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లే నాటికి పెద్దమ్మ పోయి ఒక వానాకాలం గడిచిపోయింది. మొన్నమొన్ననే చూసుకున్నానని అమ్మ చెప్పింది అబద్ధం.

నాయన అడిగిన మాట చాల్ అంతా వింది. గ్యాలరీలో బియ్యం ఏరుతున్న చప్పుడు ఆగింది. నేను ముసలమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు, చాటలోకే చూస్తూ కూర్చుంది. ఆరోజు ఆ శవం చుట్టూ కూర్చున్న పది మందిలో ఆమె ఉంది. ఆ పది మందీ విన్నారు. పద్ధతి ప్రకారం స్నానాలు చేసి, విన్నది అక్కడే వదిలేసి ఇళ్లకు పోయారు. అమ్మ గ్యాలరీలో వాళ్ల మధ్యలోంచే రోజూ నీళ్లు మోసుకుంటూ తిరిగింది. ఆ క్షణాన ఆ చాట తీసుకుని ఆమె నెత్తిన కొట్టాలనిపించింది. ఆమె తప్పు చేయలేదు. తన తల్లి నేర్పిందే చేసింది. అయినా అనిపించింది, దాచుకోను.

"నాకెందుకు జెప్పలే?" నాయన అడుగుతున్నాడు. "మొగుణ్ని గాదా నేను? నాకెందుకు జెప్పలే?"

ఆయన చెవుల నుంచి హెడ్‌ఫోన్లు తీసి నేను పెట్టుకున్నాను. నాయన సెట్టింగు తీసేసి వీడియోను కొంచెం వెనక్కి జరిపాను. అమ్మ గొంతు నా చెవిలో, పక్కన కూర్చున్నంత దగ్గరగా ఉంది.

"నా రొమ్ముల గడ్డ నీకొక్కదానికే చూపెడితి అక్కా. ఇంట్ల చెప్పవే చెప్పవే అంటివి, ఎట్ల చెప్పుదు అక్కా. నా మొగనికి చెవులు లేవాయె అక్కా, ఒర్రి చెప్పాలె. ఒర్రితే గ్యాలరంత ఇంటది, రొమ్ము మాట ఎట్ల ఒర్రుదు అక్కా. సైగ జేసి చెప్పుదునంటే కొడుకు ఎదురుంగనే కూసుంటడు, ఒక్క ఖోలీ అక్కా, యాడికి పోవాలె. నువ్వొక్కదానివి ఇంటుంటివి, నువ్వు పోతివి, ఇగ ఎవరికి చెప్పుకోను అక్కా..."

ఎదురుగానే కూర్చునేవాణ్ని. ఈ కంప్యూటరు ముందే, ఈ స్టూలు మీదే. ఇంకెక్కడ కూర్చోవాలి? అటు మంచం, ఇటు పొయ్యి, నడుమ నేను. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి నాయన వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ గిన్నెల వైపు తిరిగిన సాయంత్రాలు ఎన్నో ఉండి ఉంటాయి. నాకు ఒక్కటీ గుర్తు లేదు.

"ఏమన్నదిరా? ఎందుకు జెప్పలేదంటుంది?" నాయన నా భుజం పట్టుకుని ఊపుతున్నాడు.

చెప్పాలంటే నేనూ ఒర్రాలి. నీకు చెవులు వినపడవు కాబట్టే చెప్పలేదని, చాల్ అంతా వినేట్టు ఆయన ముఖంలోకి అరవాలి. నోరు తెరిచాను. ఒక్క ముక్క రాలేదు. ఈ నోటి దగ్గరే అమ్మ కూడా ఆగిపోయి ఉంటుంది.

లేచి తలుపు మూశాను. నాయన సెట్టింగు మళ్లీ వేశాను. హెడ్‌ఫోన్లు ఆయన తలకు పెట్టి, కుడి చెవికి సరిగ్గా ఆనించి, ఆ ముక్క మొదటికి జరిపి వదిలాను. అమ్మ ఎవరికీ వినపడకుండా ఆయనకు చెప్పుకుంది. ఆయన కదలకుండా విన్నాడు. ఇంకోసారి పెట్టమని వేలు చూపించాడు, పెట్టాను. రెండోసారి అయిపోయాక హెడ్‌ఫోన్లు తీయలేదు, నా వైపు తిరగలేదు. కంప్యూటరు తెర వైపు చూస్తూ, ఎదురుగా మనిషి ఉన్నట్టే, ఎప్పటిలాగే పెద్ద గొంతుతో అన్నాడు.

"ఒర్రకపోతివి. గ్యాలరంత ఇంటే ఇంటుండె. ఒర్రకపోతివి."